మూఢంలో దిగిన పడవ

ఈ ఏడు కూడా ఇక్కడ అమెరికాలో వసంతం రానని మొండికేసింది. మే నెల సగం గడిచినా వాన వదల్లేదు. మా వీధి చివరింటాయన రోజూ పొద్దున తన పడవ మీది నీలం పట్టా అంచు పైకెత్తి, లోపలికి తొంగి చూసుకుని, మళ్లీ దించేసి, ఆకాశాన్ని ఏదో అని ఇంట్లోకి పోతున్నాడు. ఈమధ్య మతిమరుపొచ్చిన మా నాన్న కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని అది చూస్తాడు. చూసి ఊరుకుంటే నాకీ రాత తప్పేది. నిన్న నా కొడుకుని పిలిచి, "మాకూ ఓ పడవ ఉండేదిరా. ఓ మహానుభావుడు దానికి అతుకులేశాడు. నీళ్లలో దించిన పావుగంటకే నిండిపోయింది" అని నవ్వాడు.

ఈ కథ ఇన్నేళ్లలో ఆయన ఎంతమందికి చెప్పి ఉంటాడో. పుట్టినరోజు పార్టీల్లో, గృహప్రవేశాల్లో, కార్‌లో పక్కన కూర్చున్నవాళ్లకి. చెప్పిన ప్రతిసారీ దాదాపు నేను పక్కనే ఉన్నాను. ఒక్కసారీ నోరు విప్పలేదు.

నాకప్పుడు పదకొండేళ్లు. ఆర్కన్సాలో ఓ చిన్న ఊరు. ఊళ్లో సగం మంది ఒకే పెద్ద కంపెనీకి పనిచేసేవాళ్లు, మిగతా సగం కాంట్రాక్టు మీద అదే కంపెనీకి పనిచేసేవాళ్లు. నాన్న కాంట్రాక్టు మనిషి. మా అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్లవి ఆరు ఇళ్లు. సాయంత్రం మెట్ల మీద నిలబడితే ఎవరింట్లో ఇంగువ పడిందో, ఎవరింట్లో వెల్లుల్లి పడిందో చెప్పేసేదాన్ని. కరివేపాకు కావాలంటే ఎవరో ఒకరు పక్క రాష్ట్రం దాకా డ్రైవ్ చేసి తెచ్చి, ఆరు ఇళ్లకీ తలా రెండు రెమ్మలు పంచేవాళ్లు. ఆ రెమ్మల్ని అమ్మ తడిబట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. ఇప్పుడా ఊళ్లో మూడు ఇండియన్ షాపులున్నాయట, గుడి కూడా కట్టారట. ఆ ఆరు ఇళ్లవాళ్లలో ఎవరు ఎక్కడున్నారో మాత్రం ఎవరికీ తెలీదు.

మా కింది ఫ్లాట్‌లో ఒక అంకుల్ ఉండేవాడు. పెళ్లి కాలేదు. కోనసీమ మనిషి. వాళ్ల నాన్న గోదావరి మీద లాంచీకి సరంగు. నది మధ్యలో ఉన్న లంక నుంచి రోజూ జనాన్ని ఈవలి ఒడ్డుకీ, ఆవలి ఒడ్డుకీ చేరవేసేవాడు. ఆయన కొడుకు కంప్యూటర్లు చదువుకుని సముద్రానికి ఎక్కడా దగ్గర కాని ఈ ఊళ్లో వచ్చి పడ్డాడు. వారం అంతా కోడింగ్ చేసేవాడు, ఆదివారం చేపల పులుసు పెట్టేవాడు. ఆ వాసనకి పక్కఫ్లాట్ అమెరికన్ ముసలావిడ మేనేజరుకి కంప్లెయింట్ ఇచ్చింది. ఈయన వెళ్లి ఆవిడకి ఓ గిన్నెడు పులుసు ఇచ్చి వచ్చాడు. మళ్లీ కంప్లెయింట్ రాలేదు.

నాన్నని ఆయన "అన్నయ్యా" అనేవాడు. నాన్న ఆయన్ని "తమ్ముడూ" అనేవాడు. ఆ మాట గుర్తుంచుకోండి.

చలికాలం ముందు ఇద్దరూ కలిసి ఓ పాత పడవ కొన్నారు. రైతు ఇంటి ముందు 'ఫర్ సేల్' అని అట్టముక్క తగిలించి ఉన్న పడవ, దాని కింద తుప్పు పట్టిన ట్రైలర్. లాగడానికి నాన్న వ్యాన్ ఒక్కటే పనికొస్తుంది, వెనక కొక్కెం దానికే ఉంది. ఇంటికి తెచ్చి చూస్తే పడవ నేల మొత్తం చివికిపోయి ఉంది. నాన్న ముఖం చిన్నబోయింది. అంకుల్ మాత్రం చేతులు రుద్దుకున్నాడు. "ఆయ్, మంచిదే అన్నయ్యా. ఎక్కడ ఏముందో మనకి తెలుస్తుంది కదా" అన్నాడు.

నాలుగు నెలలు శని, ఆదివారాలు ఆయన ఆ పార్కింగ్ మూలనే ఉన్నాడు. చివికిన చెక్కంతా పీకేశాడు. కొత్త చెక్క కోసి పరిచాడు, దానిమీద ఘాటు వాసన కొట్టే జిగురు పూసి గుడ్డ అతికించాడు. ఆ జిగురు వాసన ఆయన స్వెటర్‌కి, ఆయన తిన్న కంచానికి, చివరికి మా సోఫాకి కూడా పట్టేసింది. అమ్మ విసుక్కుంటూనే వడ్డించేది. నాన్న అప్పుడప్పుడూ కాఫీ కప్పుతో కిందకి వెళ్లి, నిలబడి చూసి, చలేస్తోందని పైకి వచ్చేవాడు. పడవ గురించి ఆయన నేర్చుకున్నది అంతే.

పట్టా కింద ఆ పడవ నాకు ఇల్లు. ఇండియా నుంచి వచ్చిన మామిడి తాండ్ర పొట్లం అమ్మ డబ్బాలోంచి కాజేసి, పట్టా కిందకి దూరి, వాన చప్పుడు వింటూ మొత్తం తినేశాను. అంకుల్ పట్టా ఎత్తి చూశాడు. నా మూతి చూశాడు. మళ్లీ పట్టా దించేశాడు. సాయంత్రం అమ్మ ఆరా తీస్తూ ఆయన్నీ అడిగింది. "నాకు తెలీదు వదినా, ఎలకలేమో" అన్నాడు, గంభీరంగా అన్నం కలుపుకుంటూ.

మర్నాడు నా చేతిలో ఓ ఇత్తడి బిరడా పెట్టాడు. మరలున్న చిన్న బిరడా, నా బొటనవేలంత. పడవ వెనక అడుగున ఓ కన్నం ఉంటుంది. ఒడ్డున ఉన్నంతకాలం దాన్ని తెరిచే ఉంచాలి, లేకపోతే పట్టా కారి లోపల వాననీళ్లు నిలుస్తాయి. నీళ్లలోకి దించేముందు మాత్రం బిరడా బిగించి తీరాలి. అంత పని చేసి ఇది మరిచిపోయేవాళ్లు ఎంతమందో అని చెప్పాడు. వాళ్ల నాన్న లాంచీ కదిలేముందు అడుగు చూడందే ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదట, పోలీసులు వచ్చినా సరే.

"ఇది నీ డ్యూటీ అమ్మా. నువ్వు బిగించాలి, నేను ఓసారి చూడాలి. అప్పుడే ఎవరైనా ఎక్కేది" అన్నాడు.

నా జామెట్రీ బాక్స్‌లో పెట్టుకున్నాను. క్లాసులో మధ్యమధ్యలో తెరిచి చూసుకునేదాన్ని. ఆ దేశంలో నాకంటూ ఎవరైనా ఇచ్చిన మొదటి పని అది.

మార్చి వచ్చింది. వాన మొదలైంది. ఏప్రిల్ వచ్చింది, వాన ఆగలేదు. మా ఊరి పక్క సరస్సు పొంగి, పడవల్ని దించే ర్యాంప్‌నీ, కార్లు ఆపే చోటునీ మింగేసింది. మోటు దుంగలు తేలుతున్నాయని దారికి అడ్డంగా నారింజ రంగు పీపాలు పెట్టి మూసేశారు. అయినా ప్రతి శనివారం జనం వచ్చేవాళ్లు. ఎరలు అమ్మే కొట్టు ముందు ట్రైలర్లు వరసగా ఆపుకుని, కాగితం కప్పుల్లో కాఫీ తాగుతూ నీళ్లకేసి చూస్తూ నిలబడేవాళ్లు. కొట్టావిడ పొద్దున్నే నల్లబల్ల మీద నీటిమట్టం రాసేది. ఓ అంగుళం తగ్గితే అందరూ టోపీలు సర్దుకునేవాళ్లు, రెండంగుళాలు పెరిగితే ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. పెట్రోలు వాసన, తడి కుక్కల వాసన, వానపాముల డబ్బాల వాసన.

మేమూ వెళ్లేవాళ్లం. ఈ వారం తెరుస్తారేమో అని అమ్మ ప్రతి శనివారం పులిహోర కలిపేది. తెరవలేదని వ్యాన్‌లోనే కూర్చుని, అద్దాలు మసకేసి ఉండగా తినేవాళ్లం. నాలుగో వారానికి అమ్మ, "పడవ సంగతేమో గానీ నా పులిహోర మాత్రం తెగ తిరిగేస్తోంది" అంది. అంకుల్ చేతులు కడుక్కుని ఆ అమెరికన్ల మధ్యకి వెళ్లిపోయేవాడు. ఒకాయన మోటారు మొరాయిస్తే విప్పి బాగుచేశాడు. అప్పటి నుంచి ఆయన కనపడితే చాలు, వాళ్లు "కెప్టెన్" అని చెయ్యెత్తేవాళ్లు. నాన్న ఆ మాటకి పొంగిపోయి, "మా తమ్ముడు" అని పరిచయం చేసుకునేవాడు.

ఏప్రిల్ చివర్లో అంకుల్ ఉద్యోగం పోయింది. ప్రాజెక్టు ఆపేశారు. నెల్లోపల ఇంకో ఉద్యోగం దొరికితే సరే, లేకపోతే ఇండియా ఫ్లైట్. ఆ కాలంలో ఎక్కడా దొరకడం లేదు. మొదటి వారం అందరూ వచ్చి రెజ్యూమె పంపమన్నారు. రెండో వారం ఫోన్లలో ధైర్యం చెప్పారు. మూడో వారానికి ఆయన మెట్లెక్కి వస్తుంటే తలుపులు మెల్లగా మూసుకునేవి. అదేదో అంటుకునే జబ్బయినట్టు. ఆ ఆరు ఇళ్లలో మాదీ ఒకటి.

నాన్న ఆయన్ని "మీరు" అనడం మొదలుపెట్టాడు. "మీరు భోంచేశారా?" "మీ టికెట్ బుక్ అయిందా?" మర్యాద అంత చేదుగా ఉంటుందని నాకు తెలిసింది అప్పుడే. నాన్న గ్రీన్‌కార్డు కాగితాలు ఆయన క్లయింట్ మేనేజరు ఉత్తరం కోసం ఆగి ఉన్నాయని, ఇంట్లో ఆ రోజుల్లో ఎవరమూ గట్టిగా తుమ్మేవాళ్లం కూడా కాదని ఇప్పుడు చెప్పగలను. చెప్పినంత మాత్రాన క్షమించానని కాదు.

అంకుల్ ఇక ఉద్యోగం మాట ఎత్తడం మానేశాడు. ఒక్కటే అడిగేవాడు: ర్యాంప్ తెరిచారా? వెళ్లేలోపు ఒక్కసారి ఆ పడవ నీళ్లలో దించి, తన చేత్తో నడిపి, ఆవలి ఒడ్డు తాకి రావాలి. అంతే ఆయన కోరిక. వాళ్ల నాన్నకి ఫోటో పంపిస్తానని ముందే చెప్పేసుకున్నాడు కూడా.

మే మధ్యలో ఓ శుక్రవారం ఎండ కాసింది. పీపాలు తీసేశారు. కొట్టావిడ అంకుల్‌కి ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆయన మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. గురువారం ఆయన ఫ్లైట్. రేపు వ్యాన్ తీస్తే చాలన్నాడు.

నాన్న ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాడు. దానిమీద తెలుగు క్యాలెండరు వేలాడుతూ ఉండేది. వేలు పెట్టి చూశాడు. "మూఢం నడుస్తోందండీ. జూన్ మొదటి వారం దాకా కొత్త బండి తీయకూడదు" అన్నాడు.

"ఇది కొత్తదేంటన్నయ్యా. పదిహేనేళ్ల పాతది" అన్నాడు అంకుల్.

"ఎవరికి పాత? మనకి కొత్తదే కదా. పైగా నీళ్లతో వ్యవహారం. పిల్లలున్నవాళ్లం."

"మా నాన్న మూఢం ఉందని లాంచీ ఆపితే లంకలో జనం అటే ఉండిపోయేవాళ్లన్నయ్యా."

నాన్న క్యాలెండరు మీద చెయ్యి తియ్యలేదు. అంకుల్ కాసేపు నిలబడి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. శనివారం ఎండ కాసింది. ఆదివారం కూడా కాసింది. ఆయన ఆ రెండు రోజులూ పార్కింగ్‌లో పడవ పట్టా విప్పి, ఉన్న దుమ్మూ లేని దుమ్మూ తుడిచాడు. నేను కిటికీలోంచి చూశాను.

గురువారం నాన్నకి ఆఫీస్‌లో మీటింగ్ ఉందట. అంకుల్‌ని ఎయిర్‌పోర్ట్‌కి ఎదురింటాయన తీసుకెళ్లాడు. వెళ్లేముందు అంకుల్ నా తల మీద చెయ్యి వేసి, "బిరడా భద్రం. నువ్వు బిగించందే ఎవరినీ ఎక్కనివ్వకు" అన్నాడు. నేను తలూపాను.

ఆ వచ్చిన ఆదివారమే నాన్న పొద్దున్నే వ్యాన్‌కి ట్రైలర్ తగిలించాడు. క్లయింట్ మేనేజరుకి పడవలంటే ఇష్టమట, మాటల్లో వస్తే నాన్న పిలిచేశాడట. అమ్మ చింతపండు గుజ్జు తీస్తూ, మూఢం కదా అని అడిగింది. నాన్న ఆమెకేసి చూడకుండా, "ఇదేమన్నా కొత్తదా? సెకండ్ హ్యాండ్‌ది. దీనికి మూఢం వర్తించదు" అన్నాడు.

నా చెవులతో విన్నాను. జామెట్రీ బాక్స్ తెరిచి బిరడా గుప్పిట్లో పెట్టుకుని వ్యాన్ ఎక్కాను.

పూజ లోటు లేకుండా జరిగింది. మోటారుకి పసుపు, కుంకుమ. ముందు భాగానికి చామంతి దండ. ట్రైలర్ చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. నాన్న ర్యాంప్ అంచున కొబ్బరికాయ కొట్టాడు. మేనేజరు ఫోటోలు తీసుకున్నాడు. ఒడ్డున ఉన్న పాత మనుషులు, కెప్టెన్ ఏడని అడిగారు. ఇండియా వెళ్లిపోయాడని నాన్న నవ్వుతూ చెప్పాడు. అన్నీ చేసిన నాన్న పడవ వెనక్కి మాత్రం వెళ్లలేదు. అక్కడో కన్నం ఉంటుందని ఆయనకి తెలిస్తే కదా.

మేనేజరు ఎక్కాడు. నాన్న ఎక్కాడు. మేనేజరు తన కొడుకుని కూడా ఎక్కించుకున్నాడు. నాలుగేళ్లవాడు, నారింజ రంగు లైఫ్ జాకెట్‌లో మెడ కూడా కనపడటం లేదు. నాకేసి చెయ్యి ఊపాడు. నా గుప్పిట్లో బిరడా చెమటకి జారుతోంది. ఇప్పుడైనా అరవొచ్చు అనుకున్నాను. అరవలేదు.

మోటారు మొదటి లాగుకే అందుకుంది. అంకుల్ పనితనం అది. కాస్త దూరం బాగానే వెళ్లారు. తర్వాత పడవ వెనక భాగం కిందకి వాలింది. మోటారు గుక్క తిప్పుకోలేక ఆగిపోయింది. నాన్న లేచి నిలబడి పులిహోర డబ్బా మూతతో నీళ్లు తోడుతున్నాడు. పిల్లాడి ఏడుపు ఒడ్డుకి వినిపించింది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. అంకుల్ ఒకప్పుడు మోటారు బాగుచేసిచ్చిన ఆయనే తన పడవలో వెళ్లి, పిల్లాణ్ని ముందు అందుకుని, వీళ్లని తాడు కట్టి లాక్కొచ్చాడు. ఎవరికీ ఏం కాలేదు. మేనేజరు తడిసిన బూట్లు విప్పి చేతపట్టుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. నాన్న ముఖం చూస్తే నాకు సంతోషం వేసింది. నిజంగా వేసింది. దాన్ని దాచను.

మర్నాడు నేను స్కూల్ నుంచి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. అమ్మ కింద లాండ్రీలో ఉంది. అంకుల్. అక్కడ తెల్లవారలేదట, ఇంకా ఇక్కడి టైమే ఒంట్లో ఉండి మెలకువ వచ్చేసిందట. స్కూల్ ఎలా ఉందని అడిగాడు. ఆయన పడవ గురించి అడిగేలోపే నేనే, "పడవ ఇంకా దించలేదంకుల్. మూఢం పోలేదు కదా" అన్నాను. ఆయన బాధపడకూడదని అన్నాను.

"మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడమ్మా. నీళ్లు ఎలా వచ్చాయని అడిగాడు" అన్నాడు. "నా అతుకే ఎక్కడో విడిపోయి ఉంటుందన్నాను. బిరడా మాట చెప్పలేదు."

నేను ఫోన్ తీగ వేలికి చుట్టుకున్నాను.

"చిన్నపిల్లాడు కూడా ఎక్కాడట కదా?"

ఊ అన్నాను.

"మా నాన్నకి సరిపడనివాళ్లు కూడా లాంచీ ఎక్కేవాళ్లు. వాళ్లకి కూడా అడుగు చూసే తీసేవాడు." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఇక అది నీ దగ్గర వద్దమ్మా. మీ నాన్నకి ఇచ్చెయ్" అని, బాగా చదువుకోమని పెట్టేశాడు.

నేను ఇవ్వలేదు. ఇస్తే ఎక్కడిదని అడుగుతాడు. ఆ వేసవిలోనే నాన్న పడవని వచ్చినకాడికి వదిలించుకున్నాడు. మేనేజరు ఉత్తరం మాత్రం వచ్చింది, గ్రీన్‌కార్డు కూడా వచ్చింది. ఆ ఊరు వదిలేశాం, ఇల్లు కొనుక్కున్నాం. మహానుభావుడి అతుకుల కథ మాతో పాటు ఇల్లిల్లూ మారింది. నాలుగు నెలలు చలిలో మోకాళ్ల మీద కూర్చుని పనిచేసిన మనిషి, ఓ తాండ్ర దొంగని కాపాడ్డానికి తన పనికి తనే వంక పెట్టుకున్నాడు. ఆ వంకని అందరూ నమ్మారు. నేను నమ్మనిచ్చాను.

నిన్న నా కొడుకు ఆ కథ విని నవ్వాడు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. లోపలికి వెళ్లి, గాజుల పెట్టె అడుగు నుంచి బిరడా తీసుకొచ్చి, నాన్న కాఫీ కప్పు పక్కన పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ కుళాయిదే ఇది?" అన్నాడు.

కూర్చుని మొత్తం చెప్పాను. గుప్పిట్లో పెట్టుకోవడం, పిల్లాడు చెయ్యి ఊపడం, తర్వాతి రోజు ఫోన్. ఆయన క్యాలెండరు మీద పెట్టిన చెయ్యి సంగతి కూడా చెప్పాను. కాఫీ తొరక కట్టింది. చివరికి నాన్న బిరడాని జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టి, "తమ్ముడికి ఫోన్ చెయ్యి. నేను మాట్లాడతాను" అన్నాడు.

తమ్ముడు. ఆ ఏప్రిల్ తర్వాత ఆ మాట ఆయన నోట మళ్లీ వినడం నిన్ననే.

అంకుల్ పోయి రెండేళ్లయింది. ఆ కబురు వాట్సాప్‌లో వస్తే నాకు చదివి వినిపించింది నాన్నే. "మంచివాడే పాపం, ఆ పడవే సరిగ్గా అతకలేకపోయాడు" అన్నాడు అప్పుడు కూడా. నేను తలూపాను.